మనము మరచిన మహామారి: 1918 ఇన్‌ఫ్లుయెంజా

మన నగరములో అంటురోగములకు జ్ఞాపకచిహ్నములు తక్కువేమీ కావు. ప్లేగు శాంతించినందుకు చార్మినారు కట్టించారని పెద్దలు చెప్పుకొనెడి మాట బడిపిల్లలకు కూడా తెలుసును. 1813లో ఇక్కడ కలరా చెలరేగినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న మన పటాలపువారు మ్రొక్కిన మ్రొక్కు నుండి సికిందరాబాదు బోనాలు పుట్టినవని చెప్పుదురు. మలేరియా సంగతి సరేసరి. 1897 ఆగస్టు 20వ తేదీన సర్ రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న భవనము మనకు కూతవేటు దూరములో బేగంపేటలోనే ఉన్నది. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతకాలపువారు "కోరంటి దవాఖానా" అందురు. క్వారంటైన్ అను మాటయే జనుల నోట నలిగి కోరంటి అయినది. ప్లేగు రోజుల జ్ఞాపకము ఆ ఒక్క మాటలో నేటికీ బ్రతికియున్నది.

అయితే వీటన్నిటికంటె ఎక్కువమందిని, అంత తక్కువ కాలములో, ఈ దేశములో పొట్టన పెట్టుకొన్న రోగము వేరొకటి గలదు. అది 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. దానికి మన ఊరిలో ఒక రాయి లేదు, ఒక జాతర లేదు, ఒక వీధికి పేరైనా లేదు. శతవార్షిక సంచిక అనగానే మనము సంఘములను స్థాపించినవారిని, దేవాలయములను కట్టినవారిని స్మరించుకొందుము. అది న్యాయమే. కాని ఆ స్థాపనకును నేటికిని మధ్య, ఒకే శరదృతువులో లెక్కకందకుండ పోయిన మన పూర్వికులను గూర్చి కూడా నాలుగు మాటలు ఉండవలెనని ఈ వ్యాసము రాయుచున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధము చివరి దశలో ఉన్న రోజులవి. సైన్యములను మోసికొనుచు ఓడలు బొంబాయి రేవుకు వచ్చిపోవుచుండెను. 1918 జూన్ 10వ తేదీన ఆ రేవులో కాపలా ఉన్న ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరముతో ఆసుపత్రిలో చేరారు. మన దేశములో ఈ రోగపు చరిత్ర సామాన్యముగా ఆ ఏడుగురితోనే మొదలుపెట్టుదురు. దీనికి "స్పానిష్ జ్వరము" అను పేరు వచ్చుటకు స్పెయిన్ దేశము చేసిన తప్పేమియు లేదు. యుద్ధములో చేరని ఆ దేశములో పత్రికలపై ఆంక్షలు లేవు. రాజుగారికి జ్వరము వచ్చినదని కూడా అక్కడ బాహాటముగా అచ్చువేశారు. యుద్ధము చేయుచున్న దేశములు తమ రోగమును దాచుకొనగా, నిజము చెప్పిన దేశమునకు ఆ పేరు అంటుకొన్నది. మన దేశములో అనేకులు దీనిని "బొంబాయి జ్వరము" అన్నారు. ఆ పేరు కూడా అటువంటిదే.

జూన్, జూలై నెలలలో వచ్చిన మొదటి విడత తేలికగానే పోయినది. మూడు రోజుల జ్వరము, ఒళ్ళు నొప్పులు, ఆ తరువాత కోలుకొనుట. సెప్టెంబరులో అదే రోగము మారుమొగముతో తిరిగి వచ్చినది. అక్టోబరు 6వ తేదీన ఒక్క బొంబాయి నగరములోనే 768 మరణములు నమోదైనవి. ఉదయము పనికి పోయినవాడు సాయంకాలమునకు మంచమెక్కుట, ముక్కు నుండి రక్తము కారుట, ముఖము నీలిరంగునకు తిరుగుట, ఊపిరితిత్తులు నిండిపోయి వారము తిరుగక మునుపే ప్రాణము పోవుట అనునవి ఈ రెండవ విడత లక్షణములు. ఏటేటా వచ్చెడి పడిశపు జ్వరము ముసలివారిని, పసివారిని తీసికొనిపోవును. ఇది మాత్రము 20 నుండి 40 ఏండ్ల లోపు వారిని, అనగా ఇంటికి దూలము వంటి వారిని ఎక్కువగా తీసికొనిపోయినది. దీనికి కారణమేమన్నదానిపై శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక మాట మీదకు రాలేదు.

బొంబాయి నుండి మన వైపునకు దారి ఇనుప పట్టాల మీదుగానే ఉన్నది. బొంబాయి–మద్రాసు లైనులోని వాడీ స్టేషను నుండి సికిందరాబాదుకు 1874లోనే రైలు నడిచినది. 1889 నాటికి ఆ లైను వరంగల్లు మీదుగా బెజవాడ దాకా పోయినది. వాడీ నుండి తాండూరు, వికారాబాదు మీదుగా వచ్చెడి ఆ పట్టాలు ఇప్పటి మన ఫతేనగర్, బేగంపేటల గుండానే పోవుచున్నవి. 1918లో ఈ ప్రాంతము నగరము కాదు. అమీర్‌పేట, ఎర్రగడ్డ, బల్కంపేట చేల నడుమనున్న పల్లెలు. సనత్‌నగర్ అను పేరే అప్పటికి పుట్టలేదు. "సన్అత్" అనగా ఉర్దూలో పరిశ్రమ. ఆల్విన్ వంటి కర్మాగారములు వచ్చిన తరువాతి కాలపు పేరది. ఆ పల్లెలవారు తమ పొలము గట్టున పోవుచున్న రైలును చూచి, అందులో ఏమి వచ్చుచున్నదో ఎట్లు ఊహింపగలరు?

ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. హైదరాబాదు వారికి అంటురోగమనగా ఏమిటో తెలియక కాదు. 1911 నుండి నగరములో ప్లేగు ఉన్నది. 1912లో నగర అభివృద్ధికి ప్రత్యేక బోర్డును ఏర్పరచి, ఇరుకు బస్తీలను బాగుచేయుట మొదలుపెట్టారు. 1915లో కోరంటి దవాఖానా వచ్చినది. ఇంటిలో ఎలుక రాలినచో ఊరు విడిచి పొలములలో గుడిసెలు వేసికొని ఉండవలెనని జనులు నేర్చుకొన్నారు. ప్లేగు విషయములో అది మంచి ఉపాయమే, ఎందుకనగా ప్లేగును మోసెడిది ఎలుక మీది ఈగ. ఇన్‌ఫ్లుయెంజాను మోసెడిది మనిషి ఊపిరి. గుడిసెలోనికి పోయినవాడు తన ఊపిరిని విడిచిపెట్టి పోలేడు గదా. వైద్యులకే దీని మూలము తెలియదు. ఫైఫర్ అను జర్మను పండితుడు 1892లో చెప్పిన ఒక సూక్ష్మజీవియే కారణమని అప్పటి నమ్మకము. అసలైన వైరసును మనుషులలో గుర్తించినది 1933లో. చనిపోయినవారిలో అధికులను చంపినది, ఆ జ్వరము వెనుక ఊపిరితిత్తులలో చేరిన న్యుమోనియా. దానికి మందైన పెన్సిలిన్ చేతికి రావలెనన్న ఇంకొక పాతికేండ్లు ఆగవలెను.

మందు లేకపోయినను తిండి, నీరు, దగ్గర కూర్చుండి చూచెడి మనిషి ఉన్నట్లయితే చాలామంది బ్రతికెడివారు. ఆ మూడును ఆ సంవత్సరమే కరువైనవి. 1918 నైరృతి ఋతుపవనము దేశములో చాలా భాగమున విఫలమైనది. ఆ శతాబ్దపు పెద్ద అనావృష్టులలో అది ఒకటి. యుద్ధము వలన అప్పటికే ధాన్యపు ధరలు మండుచుండెను. సెప్టెంబరులో మద్రాసు పట్టణములో బియ్యపు దుకాణములపై జనులు పడి దోచుకొన్నారు. గడ్డి లేదు, గంజి లేదు, బావులలో నీరు అడుగంటినది. సగము కడుపుతో ఉన్న ఒంటి మీద ఈ జ్వరము పడినది. ఇతర దేశములకు భిన్నముగా మన దేశములో పురుషులకంటె స్త్రీలు ఎక్కువగా చనిపోయారు. ఇంటిల్లిపాదీ మంచము పట్టినను నీళ్ళు తెచ్చెడిది, గంజి కాచెడిది, రోగి ప్రక్కన కూర్చుండెడిది ఆమెయే. తనకు జ్వరము వచ్చినప్పుడు ఆమె ప్రక్కన ఎవరు కూర్చున్నారో ఏ నివేదికలోను కనిపించదు.

ఎంతమంది పోయారు? 1919లో భారత ప్రభుత్వపు సానిటరీ కమీషనరు నార్మన్ వైట్ తన ప్రాథమిక నివేదికలో సుమారు 60 లక్షలన్నారు. 1921 జనాభా లెక్కలు తీసినవారు అది 1 కోటి 20 లక్షలకు తక్కువ ఉండదన్నారు. తరువాతి పండితులలో కొందరు 1 కోటి 40 లక్షలని, మరికొందరు 1 కోటి 80 లక్షలని తేల్చారు. ఈ అంకెలను చదువునప్పుడు నాకు తోచునదేమనగా, అంకె ఎంత పెద్దదన్నది ఒక ఎత్తు, అది ఇంతగా ఊగిసలాడుట ఇంకొక ఎత్తు. పండితుల లెక్కల మధ్య తేడాయే లక్షలకు లక్షలు. ఆ తేడాలో ఉన్నవారు కూడా పేర్లున్న మనుషులే. ప్రపంచమంతటా 5 కోట్లమంది పోయారని ఒక అంచనా. అందులో మూడవ వంతు వరకు మన దేశముదే కావచ్చును.

నిజాము రాజ్యములో 1911లో జనాభా 1,33,74,676. 1921లో 1,24,71,770. పదేండ్లలో 9 లక్షలు తగ్గినది. హైదరాబాదు నగరములో 5 లక్షల జనాభా 4 లక్షల చిల్లరకు దిగినది. ఇదంతయు ఇన్‌ఫ్లుయెంజా పద్దు మాత్రమే కాదు. కరవు, ప్లేగు, కలరా, ప్లేగునకు భయపడి ఊరు విడిచి పోవుట, అన్నియు అందులో కలిసియున్నవి. విడదీయుట ఎందుకు కష్టమనగా, నాటి మరణముల పద్దులలో కలరా, మశూచి, ప్లేగులకు వేరువేరు గడులు ఉండెడివి. ఈ రోగమునకు గడి లేదు. పల్లెలలో "జ్వరము" అన్న గడిలోనే దీనిని కూడా రాశారు. అనేకచోట్ల రాయవలసిన వాడే మంచము పట్టినాడు, లేదా చనిపోయినాడు.

బొంబాయి నగరము లెక్కలు కొంచెము మెరుగుగా ఉన్నవి. అక్కడ ఈ రోగముతో చనిపోయినవారిని జాతులవారీగా లెక్కించారు. వెయ్యిమందికి ఐరోపావారిలో 8.3, పార్సీలలో 9, భారతీయ క్రైస్తవులలో 18.4. నాటి అధికారులు "తక్కువ కులములు" అని రాసిన వారిలో 61.6. ఒకే ఊరు, ఒకే గాలి, ఒకే రోగము. అయినను ఒకరికంటె మరొకరికి ఏడు రెట్లు చావు. రక్తములో తేడా ఏమియు లేదు. తేడా ఇంటి కప్పులో, కుండలోని నీటిలో, కూలి డబ్బులో ఉన్నది.

ఈ అంకెను మన సంఘములవారు ఊరకే చదివి దాటిపోరాదు. తెలంగాణ పల్లెలలో తొలినాళ్ళ మన సంఘములు ఎక్కడ పుట్టినవి? ఊరికి ఆవల, మాలపల్లెలలో, మాదిగగూడెములలో. ఊరి బావి నీరు వారికి లేదు. దొర పిలిచినచో జ్వరముతోనైనా వెట్టికి పోవలెను. చావు కబురు మోసికొని ఊరూరు తిరుగుట, గుంత తవ్వుట, పశువు కళేబరము తీయుట, ఇవన్నియు వారి మెడకు కట్టిన పనులే. ఒక ఊరి నుండి మరొక ఊరికి ఊపిరితో ప్రాకెడి రోగపు కాలములో, ఇంటింటికి చావు కబురు మోయు పని ఎవరి మీద ఉన్నదో ఆలోచింపుడు. బొంబాయి లెక్క వంటి లెక్క మన పల్లెలకు ఎవరును తీయలేదు. తీసియున్నచో అది బొంబాయి దానికంటె నయముగా ఉండెడిదని నేను అనుకొనలేను.

ఇంత పెద్ద మరణము ఇంత తొందరగా ఎట్లు మరుగున పడినది? 1918 నవంబరు 11న యుద్ధము ఆగినది. యుద్ధములో పోయిన భారత సైనికులు సుమారు 74 వేలమంది. వారికి ఢిల్లీలో ఇండియా గేటు ఉన్నది, దాని మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కబడియున్నవి. అక్కడనే తీన్ మూర్తి స్మారకములోని ముగ్గురు సైనికులలో ఒకరు మన హైదరాబాదు లాన్సర్ దళమునకు గుర్తు. మన నగరములో ఫస్ట్ లాన్సర్ అను బస్తీ ఉన్నది. వారికి ఆ గౌరవము తగినదే. 74 వేలకు ఇంత గుర్తున్నప్పుడు కోటికి పైగా పోయినవారికి ఏదియు లేకపోవుట మాత్రము వింతయే. యుద్ధమునకు సేనాపతులున్నారు, విజయమున్నది. జ్వరమునకు ఏమున్నది?

మనము కూడా ఆ మతిమరుపులో పాలుగలవారమే. మెదకు కతీడ్రల్ గూర్చి రాయని సంచిక మనలో లేదు. 1914లో మొదలై, పాస్నెట్ దొరగారి ఆధ్వర్యమున కరవు కాలపు కూలిపనిగా సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినదని, గోపురము ఎత్తు ఎన్ని అడుగులో సహా రాయుచుందుము. ఆ పదేండ్ల నట్టనడుమ 1918 ఉన్నది. ఆ గోడలకు రాళ్ళు మోసిన ఊళ్ళలో ఆ శరదృతువున ఏమి జరిగినదో ఒక్క వాక్యమైనను రాయము.

సందర్భము వచ్చినది గనుక మరొక మాట. మహాత్మాగాంధీకి కూడా 1918లో ఈ జ్వరమే వచ్చినదని కొన్ని వ్యాసములలో రాయుచున్నారు. అది సరికాదు. ఆ ఏట ఆయనను మంచమున పడవేసినది రక్తవిరేచనములు. అయితే ఆయన పెద్దకుమారుడు హరిలాల్ భార్య గులాబ్, ఆమె చిన్నబిడ్డ శాంతి ఈ ఇన్‌ఫ్లుయెంజాకే బలియైనారు. గొప్ప పేరు వెంట తప్పుమాట నిలిచినది, కోడలి మరణము మరుగున పడినది.

మనము మరచినను రోగము మనలను మరువలేదు. దాని మనుమడు 2009లో నేరుగా మన గుమ్మములోనికే వచ్చినాడు. "స్వైన్ ఫ్లూ" అని మనము పిలిచిన హెచ్1ఎన్1 రోగము మన దేశములో మొట్టమొదట పరీక్షలో నిర్ధారణ అయినది హైదరాబాదులో, 2009 మే 16న. అమెరికా నుండి విమానములో వచ్చిన ఒక యువకునికి. ఆయనను ఉంచినది మన ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోనే, నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన పాత ఇర్రుమ్‌నుమా ఆవరణలో. సనత్‌నగర్ నుండి అమీర్‌పేటకు బస్సులో పోయెడి మన సభ్యులు ఆ గేటు ముందు ముక్కుకు చేతిరుమాలు కట్టుకొన్న రోజులు చాలామందికి గుర్తుండును. ఆ రోగము అరవై ఏండ్లు దాటినవారిని కొంత విడిచిపెట్టినది. 1918 వైరసు వంశములోనివి వారి చిన్నతనమున ఇంకను తిరుగుచుండుట వలన వారి దేహములకు ఆ శత్రువు ముఖపరిచయము ఉన్నది.

2009 నాటి వైరసు 1918 దాని వంశములోనిదని ఎట్లు తెలిసినది? ఈ కథ ఒక క్రైస్తవ సమాధి దగ్గరకు పోవును. అలాస్కాలో బేరింగు సముద్రతీరమున బ్రెవిగ్ మిషన్ అను చిన్న పల్లె ఉన్నది. లూథరను మిషనువారి పల్లె. 1918 నవంబరులో అక్కడి పెద్దవారు 80 మందిలో 72 మంది అయిదు రోజులలో చనిపోయారు. అందరిని ఒకే గుంతలో పాతిపెట్టి, ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి కొయ్య సిలువలు నాటారు. ఆ నేల ఏడాది పొడవునా గడ్డకట్టియుండును. 1951లో యోహాన్ హుల్టిన్ అను విద్యార్థి ఆ గ్రామపెద్దల అనుమతితో త్రవ్వి చూచినాడు గాని వైరసును బ్రతికించలేకపోయినాడు. 1997లో, తన 72వ ఏట, మరల పోయి మరల అనుమతి అడిగినాడు. ఈసారి దొరికిన ఊపిరితిత్తుల ముక్కల నుండి టాబెన్‌బర్గరు బృందము పనిచేసి 2005 నాటికి ఆ వైరసు జన్యువుల పట్టిక అంతయు పూర్తిచేసినది. 2009 వైరసులోని కొన్ని జన్యువులు ఆ పాతదాని నుండి పందుల ద్వారా దిగివచ్చినవేనని అట్లు తెలిసినది. పాత సిలువలు అప్పటికే శిథిలమైనందున హుల్టిన్ ఆ ఊరి బడిలో కూర్చుండి తన చేతులతో రెండు క్రొత్త సిలువలు చేసి నాటి వచ్చినాడు.

ఆ గుంత ఎక్కడ ఉన్నదో సిలువలు చెప్పినవి గనుక ఆ పని సాధ్యమైనది. మన నేలలో మంచు లేదు, దేహములు నిలువవు. కాని మనకు నిలిచినది ఒకటి ఉన్నది. అవి మన పాత సంఘముల సమాధి రిజిస్టర్లు. పట్వారీ లెక్కలో మనిషి ఒక గీత మాత్రమే. మన పుస్తకములో మరణించిన తేదీ, సమాధి చేసిన తేదీ, పేరు, వయస్సు, వృత్తి, చాలా పుస్తకములలో మరణ కారణము, సమాధి చేసిన గురువు సంతకము ఉండును. వెట్టివానికి కూడా పూర్తి పేరు రాసిన పుస్తకములు నాటి నిజాము రాజ్యములో ఎన్ని ఉన్నవి చెప్పుడు? మన పుస్తకములు ఇప్పుడు పాస్టరేటు బీరువాలలో, వెస్ట్రీ గదుల అటకల మీద, చెదలకు వానకు ఎదురుగా ఉన్నవి. 2020లో కరోనా వచ్చినప్పుడు నలుగురైదుగురు మాత్రమే నిలబడి మట్టి వేసిన సమాధులను మన కళ్ళతో చూచితిమి. ఆ పేర్లైనను మన పుస్తకములలో సరిగా ఎక్కినవో లేదో చూచుకొనవలసియున్నది.

అందుచేత పాత సంఘముల కార్యదర్శులకు, యౌవన సభ్యులకు నా మనవి. ఈ సంవత్సరములోనే ఆ పుస్తకములు తీసి చూడుడు. 1918 సెప్టెంబరు చివరి వారము నుండి డిసెంబరు వరకు గల పుటలు ముఖ్యము. కారణము దగ్గర ఇన్‌ఫ్లుయెంజా అనియే ఉండవలెనని లేదు. జ్వరము, న్యుమోనియా, దగ్గు అని ఏదైనను ఉండవచ్చును. ఒకే ఇంటిపేరు రెండు మూడు మార్లు దగ్గరదగ్గరగా వచ్చుచున్నదేమో, ఇరవై ముప్పై ఏండ్లవారు ఎక్కువగా ఉన్నారేమో చూడవలెను. కొన్నిచోట్ల ఆ వారములలో పుట ఖాళీగా ఉండవచ్చును. గురువుగారు మంచము పట్టినందున ఉపదేశియే సమాధి చేసి, రాయక విడిచిపెట్టినాడేమో. ఖాళీ పుటను కూడా ఫోటో తీసి ఉంచుడు. పుస్తకమును ఎండలో ఆరబెట్టవద్దు, ప్లాస్టిక్ అట్ట అంటించవద్దు.

ఆ తరువాత 1919 బాప్తిస్మ రిజిస్టరు. దేశమంతటా ఆ ఏడు పుట్టుకలు బాగా తగ్గినవి, మన పుటలలోను ఆ తగ్గుదల కనిపించవలెను. తల్లి పేరు దగ్గర "మరణించినది" అని ఉన్న బిడ్డలను వేరుగా రాసికొనుడు. చివరగా 1919, 1920ల వివాహ రిజిస్టరు. అందులో వరుని స్థితి తెలిపెడి గడిలో "భార్య చనిపోయినవాడు" అని రాసియున్న ప్రతి పేరును తీసికొని, 1918 అక్టోబరు, నవంబరు సమాధి పుటలలోని స్త్రీల పేర్లతో కలిపి చూడవలెను.